పట్టకారు

పట్టకారు వచ్చినప్పటి నుంచి ఆ బేకరీలో ఎవరికీ చేతులు కాలలేదు. బట్టీ తలుపు తెరవగానే అతను కుడిచెయ్యి లోపలికి పెట్టి, నిప్పులా కాగిన ట్రేని అంచు పట్టుకుని లాగి బల్లమీద పెట్టేవాడు. ఆ చెయ్యి భుజం దాకా లోహమే. కుడికన్ను కూడా చేసిందే. ఆ రెంటినీ నడిపే బిళ్ళ ఒకటి చెవి వెనక చర్మం కింద ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. అలాంటివాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు. ఎదురుగా ఉన్నప్పుడు ఏమీ అనరు గానీ, చాటున జనం వాళ్ళని అతుకు మనుషులంటారు.

అతను పనిలో చేరిన వారానికే బట్టీ దగ్గర వాడే మందపాటి గుడ్డలు నేల తుడవడానికి పోయాయి. పాత ఇనప పట్టకారు ఎక్కడ పడిందో ఎవరికీ తెలీదు. దాని పేరు మాత్రం అతనికి మిగిలింది.

పేరు పెట్టింది యజమాని. పేర్లు పెట్టడంలో ఆయన ఘనుడు. ముప్పై దాటిన సొంత కూతురు ఒంటిచేత్తో పిండిబస్తా ఎత్తి తొట్టిలో కుమ్మరిస్తున్నా ఆయనకింకా 'పాపే'. కౌంటర్ దగ్గర కూర్చునే తన అక్కకి రేడియో అని పేరు పెట్టాడు గానీ, ఆవిడ ముందు ఆ పేరు ఎత్తే ధైర్యం లేదు.

గురువారం పొద్దున ఆ రేడియో అత్త కౌంటర్ ముందు పాలు ఒలకబోసి, తుడవడానికి బట్టీ పక్కనుండే నీళ్ళ బకెట్ పట్టుకుపోయింది. పట్టకారు చూసుకోలేదు. బన్నుల ట్రే లాగి బల్లమీద పెట్టి, అలవాటుగా వెనక్కి తిరిగి చెయ్యి కిందికి దించాడు. అక్కడ బకెట్ లేదు. అటూ ఇటూ చూశాడు. ఒక్క అంగలో పిండితొట్టి దగ్గరికొచ్చి, పాప పిసుకుతున్న పిండిలోకి ఆ చేతిని మణికట్టు దాకా దింపేశాడు.

పిండి సుయ్‌మంది.

పాప చేతులు ఆ తొట్టిలోనే ఉన్నాయి. చల్లటి పిండిలోంచి వేడి పాకుతూ వచ్చి ఆమె వేళ్ళకి తగిలింది. తలెత్తి చూసింది. అతని ఎడమకంట్లో నీళ్ళు నిండి ఉన్నాయి. కుడికన్ను ఎప్పటిలాగే పొడిగా, ఏమీ ఎరగనట్టు ఆమెనే చూస్తోంది.

"కాలిందా?"

"లేదండీ. చెయ్యి జారింది."

"జారిన చెయ్యి ఇంకా తియ్యవేం?"

అతను తియ్యలేదు. ప్రతి ట్రే తర్వాతా అతను బకెట్లో చెయ్యి ముంచడం ఆమె మొదటినుంచీ చూస్తూనే ఉంది. అంటిన పిండి కడుక్కుంటున్నాడనే అందరూ అనుకున్నారు. "శుభ్రమంటే వాడిదిరా, నేర్చుకోండి" అని అత్త అందరికీ బుద్ధులు కూడా చెప్పింది. ట్రేలు లాగేవాడి చేతికి పిండెందుకు అంటుతుందని ఒక్కరికీ తట్టలేదు. పాపకీ తట్టలేదు. అందుకే ఆమెకి తనమీద తనకే ఒళ్ళు మండింది.

నాన్న అప్పుడే లోపలికొచ్చాడు. "తొట్టిలో వాడి చెయ్యేంటి?"

"పిండి గట్టిగా ఉంది నాన్నా. కాస్త పిసకమన్నాను."

"నీకు గట్టిదేంటి పాపా! పిండి నిన్ను చూస్తేనే మెత్తబడుతుంది కదా" అని నవ్వి, ఆయన తొట్టిమీదికి వంగి పిండిని వేలితో నొక్కాడు. నొక్కి, ఎప్పటిలాగే కూతురి మొహం చూశాడు. "అయిందంటావా?"

"ఇంకా లేదు."

"నేనూ అదే అనుకున్నా" అంటూ వెళ్ళిపోయాడు.

పట్టకారు చెయ్యి తీసుకుని బట్టీ దగ్గరికి నడిచాడు. పిండిలో అతని నాలుగు వేళ్ళ అచ్చు పడి ఉంది. ఆ అచ్చు గోడలు తెల్లగా ఉడికి బిగుసుకుపోయాయి. పాప వాటిని గిల్లి తీసి, చెత్తబుట్టలో వెయ్యబోయి, ఎందుకో వెయ్యలేక, ఎప్రాన్ జేబులో పెట్టుకుంది.

మధ్యాహ్నం బట్టీ చల్లారాక అందరూ భోజనాలకి పోతారు. పట్టకారు మాత్రం పిండిబస్తాల పక్కనున్న ప్లగ్గు దగ్గర కూర్చుని, భుజం కింద తీగ తగిలించుకుని, ఎడమచేత్తో రొట్టె తింటాడు. చెయ్యి ఛార్జి అయ్యేదాకా అతను ఆ గోడకి కట్టేసినట్టే. పారిపోవడానికి వీలుండదు. ఆ సంగతి తెలిసే పాప వచ్చి ఎదురుగా ఉన్న బస్తామీద కూర్చుంది.

అతనంటే ఆమెకి ఇష్టం. ఆ సంగతి ఆమెకి ఎప్పటినుంచో తెలుసు. పొద్దున అతను రాగానే బేకరీలో ఇంకో దీపం వెలిగించినట్టుండేది. ఓ మూల మాడిన బన్నుని అతను తన వాటాకి ఏరుకోవడం చూసి, కావాలనే ఒకటి మంచిది పక్కన దాచేది. అత్త కనిపెట్టి, "ఎలకలకి కూడా ఇంత మంచివి పెట్టరమ్మా" అని ఎత్తిపొడిచింది కూడా. అంతవరకే. ఆ ఇష్టాన్ని ఎటు నడిపించాలో ఆమెకి తోచలేదు.

"నిజం చెప్పు. కాలుతుంది కదూ?"

అతను రొట్టె నమలడం ఆపాడు. "ఎవరికీ చెప్పనంటే చెబుతాను."

"చెప్పనులే."

"కాలుతుంది. చేతికేం కాదు, మచ్చకూడా పడదు. నొప్పి మాత్రం మీకెంతో నాకూ అంతే."

"మరి చేరేటప్పుడు నాన్న అడిగితే కాలదన్నావే?"

"అంతకుముందు తిరిగిన ప్రతిచోటా నిజమే చెప్పానండీ. కాలే చేతులు అందరికీ ఉన్నాయి, దానికి నువ్వే ఎందుకన్నారు."

పాప తల తిప్పుకుంది. గోడవారగా ఉన్న బకెట్ వైపు చూసింది. ఇన్నాళ్ళూ తను నవ్వుతూ 'పట్టకారూ, ట్రే' అని ఎన్నిసార్లు కేకేసిందో తలుచుకుంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఆ నొప్పి లేకుండా చెయ్యలేరా?"

"చేస్తారు. మరమ్మతు ఆసుపత్రిలో చిటికెలో పని. కానీ వేడి ఒక్కటే పోదట. పోతే అన్నీ పోతాయి. మెత్తన, గరుకు, తడి, అన్నీ. ఒకసారి ఆపితే మళ్ళీ రావట కూడా."

"అన్నీ అంటే, ఆ చేతికి ఇంకా ఏం తెలుస్తుంది?"

"పిండి తెలుస్తుంది. పొద్దున చెయ్యి పెట్టినప్పుడు మీరన్నది నిజమే, అప్పటికి అది ఇంకా పిసకాలి." కాసేపు తీగని వేలితో మెలిపెట్టాడు. "నిన్న జల్లెడ అందిస్తుంటే మీ చెయ్యి తగిలింది. అదీ తెలిసింది."

పాప దిగ్గున లేచి, అప్పటికే తుడిచి ఉన్న బల్లని మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది.

చెప్పనని మాటిచ్చింది గానీ, ఆ రాత్రి అన్నం దగ్గర మాట ఆగలేదు. మరునాడు పొద్దున అతను ఆ బట్టీలో మళ్ళీ చెయ్యి పెడుతుంటే ఎదురుగా నిలబడి చూడడం తనవల్ల కాదనిపించింది. "నాన్నా, పట్టకారుకి చెయ్యి కాలుతోంది" అనేసింది.

నాన్న నమ్మలేదు. నమ్మాక కోప్పడలేదు కూడా. చాలా దయగా, "అయ్యో, చెప్పడేం పిచ్చోడు! ఆపించుకోమను. ఆదివారం సెలవే కదా, వెళ్ళి రమ్మను" అన్నాడు.

"మొత్తం చేతికే స్పర్శ పోతుందట నాన్నా."

"పోతే? ఇటు చూడు." ఆయన పది వేళ్ళూ చాచాడు. కొసలు కొమ్ముల్లా మెరుస్తూ, గీతలన్నీ అరిగిపోయి ఉన్నాయి. "మొదట్లో నావీ కాలాయి. ఏడ్చాను కూడా. తర్వాత మొద్దుబారాయి. ఇప్పుడు మంటలో పెట్టినా తెలీదు. నాకేం పోయింది చెప్పు?"

ఏం పోయిందో పాపకి తెలుసు. పిండి నొక్కిన ప్రతిసారీ ఆయన తన మొహం ఎందుకు చూస్తాడో చిన్నప్పటినుంచీ తెలుసు. కన్నతండ్రితో ఆ మాట అనలేక మజ్జిగ పోసుకుంది. పైగా ఒకందుకు ఆమెకీ అదే మేలనిపించింది. నొప్పి పోతుంది కదా, అంతకంటే ఏం కావాలి?

శుక్రవారం నాన్న అతని భుజం తట్టి సంగతి చెప్పేశాడు. పట్టకారు తలూపాడు. ఆయన అటు వెళ్ళగానే పాప దగ్గరికొచ్చి, "చెప్పనన్నారు" అన్నాడు.

"నీ మంచికే చెప్పాను. నొప్పి ఉండదు కదా!"

"మీ నాన్నగారు తిట్టి ఉంటే ఏదో ఒకటి అనేవాణ్ణి. దయగా చెప్పారు. దయగా చెప్పినవాళ్ళకి ఎలా ఎదురు చెప్పనూ?"

ఆ రోజు, ఆ మర్నాడు అతను ఆమెతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. బకెట్లో చెయ్యి మాత్రం దాచుకోకుండా, అందరి ముందూ ఎంతసేపు కావాలంటే అంతసేపు ముంచి ఉంచాడు.

ఆదివారం పాప కూడా బయల్దేరింది. ఎందుకని అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. బస్సులో పక్కపక్కనే నిలబడ్డారు. కుదుపు వచ్చినప్పుడల్లా అతను కుడిచేత్తో పైకమ్మిని పట్టుకుంటున్నాడు. పట్టుకుని, అవసరం తీరాక కూడా దాన్ని కాసేపు తడుముతున్నాడు. బస్టాపులో దిగాక దారివెంట ఇటుకగోడకి చెయ్యి రాసుకుంటూ నడిచాడు. ఆసుపత్రి మెట్ల పక్కన కుండీలో ఉన్న ఆకుని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని వదిలాడు. ఊరొదిలి పోయేవాడు ఒక్కొక్క గుమ్మం ముందూ ఆగి చెప్పి వస్తున్నట్టుంది. పాప చూడలేక ముందు నడిచింది.

బయట బెంచీమీద కూర్చుని పిలుపు కోసం ఎదురుచూస్తుంటే, అతనే నోరు విప్పాడు.

"ఒక్కసారి చెయ్యి ఇస్తారా? లోపలికి వెళ్ళక ముందు."

పాప ఇచ్చింది. అతను రెండు కళ్ళూ మూసుకున్నాడు. లోహపు వేళ్ళు గాజు సామాను ఎత్తినట్టు ఆమె వేళ్ళని ఎత్తి, ఒక్కొక్కటే తడిమాయి.

"ఇక్కడ గరుకు. ఇదేదో పాత మచ్చ. కాలిందా?"

"నువ్వు రాకముందు. ట్రే తగిలి."

"ఇక్కడ నాడి కొట్టుకుంటోంది." కళ్ళు తెరవకుండానే నవ్వాడు. "బస్తాలెత్తే చెయ్యి ఇంకా మొరటుగా ఉంటుందనుకున్నాను. నీ చెయ్యి ఇంత మెత్తనని చూస్తే తెలీదు."

అతని నోట 'నువ్వు' రావడం అదే మొదటిసారి. పాప చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఇన్నేళ్ళ బతుకులో తన చేతిని ఇంత శ్రద్ధగా చదివినవాళ్ళు లేరు. ఇంకో అరగంటలో ఆ చేతికి తను బల్లతో, గోడతో సమానమైపోతుంది. అతనికి నొప్పి పోతే చాలనుకుంది గానీ, ఆ నొప్పితోపాటు తనూ పోతుందని అంతదాకా తోచలేదు. స్వార్థమే. అయినా ఏడుపొచ్చింది.

లోపలున్న టెక్నీషియన్ లావుపాటి మనిషి, గుమ్మం దగ్గరే "రండి, కూర్చోండి, చొక్కా చెయ్యి మడవండి" అని మూడు ఆజ్ఞలిచ్చింది. చెవి వెనక బిళ్ళకి తీగ అంటించి తెరమీద అంకెలు చూసుకుంది.

"చెయ్యి భేషుగ్గా ఉంది. ఎందుకు ఆపించుకోవడం?"

"కాలుతోందండీ" అంది పాప.

"ఊరికే కాలదే. ఏం పని?"

"బేకరీలో బట్టీలోంచి ట్రేలు తీస్తాను" అన్నాడతను.

"ఉత్త చేత్తోనా?" ఆవిడ తెరమీంచి తల తిప్పింది. "గుడ్డ లేదా?"

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. గుడ్డ. మడతపెట్టిన ఒక్క గుడ్డముక్క. మనిషి స్పర్శ తీయించడానికి ఆదివారం సెలవు చూసుకుని, బస్సెక్కి, వరసలో కూర్చున్నారు గానీ, ఆ బేకరీలో ఒక్కరికీ, చెయ్యి కాలుతున్న వాడికి కూడా, ఒక గుడ్డ పట్టుకుంటే పోతుందని తట్టలేదు. పాపకి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"ఆపమంటారా, వద్దా? తొందరగా చెప్పండి, బయట జనం ఉన్నారు."

అతను పాప వైపు చూశాడు.

"నన్ను చూడకు. చెయ్యి నీది."

"ఇవాళ వద్దండి" అన్నాడతను.

బస్టాపుకి నడుస్తుంటే పాప కాళ్ళు నేలమీద ఆనడం లేదు. ఇంట్లో ఏ పాత దుప్పటి చింపితే బాగుంటుందో ఆలోచిస్తోంది. అంతలో అతను, "మీ నాన్నగారికి ఆపించేశానని చెప్పేస్తాను" అన్నాడు.

పాప ఆగిపోయింది. "ఏంటీ?"

"ఆయన మనసులో ఇప్పుడు నొప్పి లేని చెయ్యి ఒకటుంది. గుడ్డ పట్టుకుని నెమ్మదిగా తీస్తానంటే నన్నెందుకు ఉంచుకుంటారు? ఇన్నాళ్ళు ఓర్చుకున్నాను. ఇంకా ఓర్చుకోగలను."

"ఎందుకు ఓర్చుకోవాలి?"

"పని పోతే ఇంకో పని దొరుకుతుందేమో. అక్కడ నువ్వుండవు కదా."

ఇలాంటి మాట కోసమే ఇన్నాళ్ళూ ఎదురుచూసిందేమో గానీ, అది ఇలా వచ్చేసరికి పాపకి సంతోషం బదులు కోపం ముంచుకొచ్చింది. "నన్ను చూడ్డానికి రోజూ చెయ్యి కాల్చుకునే మనిషి నాకొద్దు. వినపడిందా? ఒకసారి నీ తరఫున నేను చెప్పి చూశాను. ఎక్కడిదాకా వచ్చిందో చూశావు. ఇంక నేను చెప్పను. చెప్పేదేదో నీ నోటితో నువ్వే చెప్పుకో."

వచ్చిన బస్సు ఎక్కి, అతను ఎక్కాడో లేదో కూడా చూడలేదు.

సోమవారం అతను రాగానే నాన్న చేతులు చాచి ఎదురెళ్ళాడు. "అయిపోయిందా?"

పట్టకారు తలూపాడు. అవునన్నట్టూ ఉంది, దణ్ణం పెట్టినట్టూ ఉంది.

"చూశావా అక్కా! ఇంక వీడికి ఏ బాధా లేదు. పోయిన పుణ్యమంతా వెనక్కి వచ్చినట్టుంది నాకు" అని నాన్న మురిసిపోయాడు. అత్త కౌంటర్ దగ్గర్నుంచే, "నోటికి కూడా అలాంటి మీట ఉంటే నీకు పెట్టిద్దుమురా" అంది.

పాప తలెత్తకుండా పిండి పిసికింది. ఎప్రాన్ కింద నడుముకి దోపుకున్న మడతగుడ్డ ఉంది. నిన్న సాయంత్రం పాత దుప్పటి చింపి, నాలుగు పొరలు వేసి కుట్టింది. కోపంగా కుట్టడంతో కుట్లు వంకరటింకరగా వచ్చాయి. అతను అడిగితేనే ఇవ్వాలని పంతం పట్టుకుంది.

మొదటి వాయి బన్నులు కాలాయి. పట్టకారు చెయ్యి పెట్టి ట్రే లాగాడు. బల్లవైపు తిరగబోతుంటే నాన్న, "ఆగాగు" అన్నాడు. "ఇంకేం తొందర? పట్టుకుని నిలబడు. బల్లమీద పెడితే వంగలేక నా నడుం పోతోంది. ఇలాగే వెన్న రాసేస్తాను."

గిన్నెలో కుంచె ముంచి, మొదటి వరస మొదలుపెట్టాడు. ఒక్కొక్క బన్నుకీ నింపాదిగా, మురిపెంగా రాస్తున్నాడు. రాస్తూ కబుర్లు చెబుతున్నాడు. ఇన్నాళ్ళూ ఈ ఆలోచన రానేలేదు చూడు, దీంతో ఎంత పని కలిసొస్తుందో. పట్టకారు కదలకుండా నిలబడ్డాడు. ట్రే అంచు కూడా వణకలేదు. పాప చేతులు పిండిలో ఆగిపోయాయి. అతని ఎడమకంట్లో నీళ్ళు నిండి, చెంపమీదికి జారి, గడ్డం దగ్గర నిలిచాయి. రెండో వరస అయింది. నాన్న కుంచె మళ్ళీ ముంచాడు. అరవాలనిపించింది పాపకి. పళ్ళు బిగించి, అతని మొహమే చూస్తూ, చెప్పు, చెప్పవేం, అని మనసులో వెయ్యిసార్లు అనుకుంది.

"కాలుతోంది, మామయ్యా."

పెద్దగా అనలేదు. నీళ్ళు కావాలని అడిగినంత మామూలుగా అన్నాడు. కుంచె బన్నుమీద ఆగిపోయింది.

"ఏమన్నావు?"

"ఆపించలేదండీ. కాలుతోంది."

"అది కాదురా. ఆ తర్వాత అన్నది."

పట్టకారు ట్రే అలాగే పట్టుకుని, ఒకసారి పాపని చూసి, "మామయ్యా అన్నాను" అన్నాడు.

నాన్న కూతురి వైపు తిరిగాడు. పాప తల దించుకోలేదు. పిండిచేతులతోనే నడుముకున్న గుడ్డ లాగి, మధ్యలోకి వచ్చి, ట్రేని అతని చేతిలోంచి అందుకుంది. అతని వేళ్ళు వెంటనే విడిపోలేదు. విడిపోయాక అతను పరుగున వెళ్ళి బకెట్లోకి మోచెయ్యి దాకా దింపి, మొదటిసారి అందరికీ వినిపించేలా అబ్బా అన్నాడు.

"ముందే చెప్పి ఏడవచ్చు కదరా!" అని నాన్న అరిచాడు.

"ఏదిరా ముందే చెప్పాల్సింది?" అంది అత్త కౌంటర్ దగ్గర్నుంచి. "కాలడమా, మామయ్యా?"

 వెన్న కారుతున్న కుంచె పట్టుకునే నాన్న, బకెట్ ముందు వంగి ఉన్న మనిషిని చూశాడు. లోపల రెండో వాయి వాసన వేస్తోంది. ఆయన గబగబా తన ఎప్రాన్ విప్పి, నాలుగు మడతలు పెట్టాడు. "ఒరే పట్ట..." అని మొదలుపెట్టి, ఆ మాట నోట్లోనే ఆగిపోయి, పిలవడానికి ఇంకో పేరేదీ తెలియక కాసేపు తడుముకున్నాడు.

"ఇదిగో, బాబూ" అన్నాడు చివరికి, మడత చాచి. "మాడిపోతున్నాయి. దీంతో పట్టుకో."

పాప చేతుల్లో ట్రే ఇంకా అలాగే ఉంది. నాలుగు పొరల దుప్పటి దాటి వేడి వేళ్ళని చురచుర కాలుస్తుంటే, ఆమె గబుక్కున దాన్ని బల్లమీద పెట్టేసింది.